మార్‌వుడ్ దొర ఆచూకీ

హెప్సిబాకు అన్నీ వచ్చాయి. తాళంచెవి ఒక్కటే రాలేదు.

సాలిపేట రాతిగుడిలో ఒక ఆర్గన్ ఉంది. చంకలో పెట్టుకుని పోయే హార్మోనియం లాంటిది కాదు, గోడంత ఆర్గన్. చిటికెనవేలంత గొట్టం నుంచి తాటిబోదెంత గొట్టం దాకా మూడువందల చిల్లర గొట్టాలు. చేతులకు రెండు వరసల మెట్లు, కాళ్లకు ఇంకో వరస. మెట్ల మీద చెక్కమూత, మూతకు ఇత్తడి తాళం. ఆ తాళంచెవి ముప్ఫై ఎనిమిదేళ్లుగా యెషయా మాస్టారి చొక్కా లోపలి జేబులో పిన్నీసుకు గుచ్చి ఉంటోంది. అది ఎవరి జేబులో ఉంటే గుడికి వాళ్లే ఆర్గనిస్టు. కాగితాలు రాసుకోవడం, దండలు వేయడం లాంటివేవీ సాలిపేటలో లేవు.

హెప్సిబా పదహారో ఏట మాస్టారి దగ్గర చేరింది. ఇప్పుడు ఇరవై ఏడు. పగలు ఆడపిల్లల బడిలో లెక్కలు చెబుతుంది, సాయంత్రం ఆర్గన్ ముందు కూర్చుంటుంది. మద్రాసు వెళ్లి మూడు పరీక్షలు రాసి మూడూ గట్టెక్కింది. వాళ్లమ్మ ఆ సర్టిఫికెట్లకు అద్దాలు కట్టించి ఏసుప్రభువు పటం పక్కనే తగిలించింది.

మాస్టారికి డెబ్బై రెండు. పోయిన చలికాలం నుంచి కుడిచేతి చివరి రెండు వేళ్లూ వంగమని మొరాయిస్తున్నాయి. గుడికి వందేళ్ల పండగ ఇంక మూడు వారాలే ఉంది. మద్రాసు నుంచి బిషప్పుగారు వస్తున్నారు. ఆయనకు సంగీతం బాగా తెలుసునట. ఆ రోజు బెంచీ మీద కూర్చునేది హెప్సిబాయేనని, ఆ తర్వాత కూడా ఆవిడేనని ఊరంతా అనుకుంటోంది. మాస్టారు మాత్రం నోరు విప్పలేదు.

ఒక సాయంత్రం హెప్సిబా ఉండబట్టలేక అడిగేసింది.

"మాస్టారూ, నాకింకా ఏం రావాలండీ?"

మాస్టారు కళ్లద్దాలు తీసి పంచె చెంగుతో తుడిచారు. తుడిచి, వెలుతురుకు పెట్టి చూసి, మళ్లీ తుడిచారు.

"పండగనాడు ఏమేం వాయిస్తావో రాసి పట్రామ్మా. చూద్దాం."

రాసి తేవడానికి ఆమె ఎక్కడికీ వెళ్లనక్కర్లేదు. ఆ కాగితం ఎనిమిది నెలలుగా హేండ్‌బ్యాగులోనే ఉంది. తీసి చేతికిచ్చింది.

జాబితాలో మొట్టమొదట జర్మనీవాళ్ల సంగీతం ముక్క ఒకటి. పదిహేను పేజీలు. ఎనిమిది నెలలు ఆమె వేళ్లు అరగదీసుకున్నది దాని మీదే. దాని కింద రెండు ఇంగ్లీషువి, ఒక ఫ్రెంచిది. మాస్టారు వేలు పైనుంచి కిందికి జారింది, కిందినుంచి పైకి ఎక్కింది.

"మార్‌వుడ్ ఏడమ్మా?"

ఈ ప్రశ్న వస్తుందని హెప్సిబాకు తెలుసు.

ఎడ్విన్ మార్‌వుడ్ పేరున్న ముక్కలు ఆ గుడిలో ఆరున్నాయి. సాలిపేటలో ఆ పాటలు తెలియనివాళ్లు లేరు, రాసినాయన పేరు తెలిసినవాళ్లూ లేరు. ఎవరికి తోచిన పేరు వాళ్లు పెట్టుకున్నారు. ఆరాధన అయ్యాక జనం బయటికి నడిచేటప్పుడు వాయించేది చెప్పుల పాట. గుమ్మం ముందు ఎవరి చెప్పులు వాళ్లు వెతుక్కునేదాకా సాగుతుంది. ఇంకొకటి పెళ్లికూతురు ఆలస్యమైన పాట. దాన్ని ఎన్నిసార్లు తిప్పి వాయించినా వినేవాళ్లకు విసుగు రాదు, అలంకరణ ఎంతకీ తెమలని ఇళ్లకు అది గొప్ప అండ. సాలిపేట ఆడవాళ్లు పప్పు రుబ్బుతూ కూడా మార్‌వుడ్‌ని కూనిరాగం తీస్తారు.

"ఆయనెవరో ఎవరికీ తెలీదండీ," అంది హెప్సిబా. "మద్రాసు లైబ్రరీలో ఇంతింత లావు పుస్తకాలు తిరగేశాను. ప్రపంచంలో ఆర్గన్‌కి నాలుగు ముక్కలు రాసిన ప్రతివాడూ ఉన్నాడు, ఈయన తప్ప. లండన్‌లో సంగీతం పుస్తకాలు అచ్చేసేవాళ్లకి ఉత్తరం కూడా రాశాను. అలాంటి మనిషెవరూ లేడు, మారుపేరయ్యుంటుందని జవాబొచ్చింది."

"మారుపేరా!" అన్నారు మాస్టారు ఆశ్చర్యంగా. ఆశ్చర్యపోవడం ఆయనకు సరిగ్గా రాదు.

"పైగా పాస్టరుగారు ప్రతి ముక్క పక్కనా రాసినాయన పుట్టిన ఏడూ పోయిన ఏడూ అచ్చు వేయాలంటున్నారు. ఈయనకేం వేస్తామండీ?"

"అదొక్కటేనా ఇబ్బంది?"

హెప్సిబా కాస్త తటపటాయించింది. ఆర్గన్‌కు అటూ ఇటూ లాగే పిడులుంటాయి, స్టాపులంటారు. ఒక్కో పిడి లాగితే ఒక్కో వరస గొట్టాలు పలుకుతాయి. సాలిపేట ఆర్గన్‌కు పద్నాలుగున్నాయి. జర్మనీ ముక్కకు పద్నాలుగూ కావాలి, అన్నీ లాగి వాయిస్తే కిటికీ అద్దాలు కూడా వణుకుతాయి.

"ఎంతసేపూ రెండే స్టాపులండీ ఆయనకి. మహా అయితే మూడు. అంత పెద్ద వాద్యం పెట్టుకుని ఆ బుజ్జి పాటలేంటండీ? గోదావరి ఒడ్డున ఇల్లు కట్టుకుని చెంబుడు నీళ్లతో స్నానం చేసే మనిషిలా ఉన్నాడు. బిషప్పుగారు నవ్వుకుంటారు."

మాస్టారు కాగితం మడిచి ఆమెకే ఇచ్చేశారు.

"అవి అలా ఎందుకున్నాయో కనుక్కో. కనుక్కున్నాక కూడా అక్కర్లేదనిపిస్తే తీసెయ్. నేనేం అనను. తాళంచెవి సంగతి ఆ తర్వాత మాట్లాడుకుందాం."

అంత మాటన్నాక హెప్సిబాకు ఇంక నిద్రెక్కడ పడుతుంది? లెక్కల టీచరు. తేలని లెక్క చెప్పులో దూరిన గులకరాయిలా ఆమెను నడవనివ్వదు. ఆరు ముక్కలూ ఇంటికి తీసుకుపోయి మంచం మీద పరుచుకుంది.

మొదట దస్తూరీ చూసింది. అచ్చుగీతల కాగితాల మీద నల్లసిరాతో, మాస్టారి దస్తూరీయే. మర్నాడే వెళ్లి అడిగింది.

"నాదేనమ్మా. నేను నకలు రాశాను."

"దేన్ని చూసి రాశారండీ?"

"ఇంకో కాగితాన్ని చూసి."

"ఆ కాగితం ఏదండీ?"

"చెదలు తినేశాయి," అన్నారు మాస్టారు. ఈసారి అబద్ధమాడినట్టు లేదు.

హెప్సిబా రెండ్రోజులు ఆలోచించి ఒక నిర్ణయానికి వచ్చింది. మూడోనాడు తలుపు దగ్గరే నిలబడి, దొంగను పట్టుకున్న గొంతుతో అంది: "మార్‌వుడ్ మీరే కదండీ!"

మాస్టారు నవ్వారు. నవ్వీ నవ్వీ దగ్గొచ్చింది, మంచినీళ్లు తాగాల్సి వచ్చింది.

"నాకంత బుద్ధుంటేనా!" అన్నారు గ్లాసు కింద పెట్టి. "వెళ్లి బాగా చూడు."

బాగా చూసింది. ఇన్నేళ్లూ పట్టించుకోని వింత ఒకటి ఈసారి కనబడింది. గీతల మీద అక్కడక్కడ చిన్న సున్నాలు చుట్టి ఉన్నాయి, ఆవగింజంత. ఆరు ముక్కల్లోనూ ఉన్నాయి. మొదటి పేజీలో తక్కువ, చివరి పేజీకి వచ్చేసరికి దగ్గరదగ్గరగా. ఎక్కడ సున్నా ఉంటే అక్కడ ఎడమచేతికి పని లేదు, కాళ్లకు పని లేదు, కుడిచేతిలో ఒక్క మెట్టు మాత్రం సన్నగా పలుకుతూ ఉంటుంది. నాలుగైదు అంకెలు లెక్కపెట్టేంతసేపు. ఆ తర్వాత పాట మళ్లీ బయల్దేరుతుంది.

ఊపిరి తీసుకొమ్మని గుర్తు అనుకుందామంటే పాడేవాళ్లెవరూ లేరు. ఆర్గన్ దగ్గర కూర్చుని వాయించి చూసింది. సున్నా వచ్చినచోట ఆగితే వెనకనుంచి మోటారు రొద తప్ప ఏమీ వినిపించలేదు. ఆ మోటారే గొట్టాలకు గాలి పంపిస్తుంది. మీట నొక్కితే చాలు, సాయంత్రం దాకా అలా పంపిస్తూనే ఉంటుంది.

ఈలోగా పాస్టరు జయానందంగారు రోజుకోసారి గుర్తు చేస్తున్నారు. ఆయన పండగ హడావుడిలో తలమునకలై ఉన్నారు. గోపురం నుంచి గేటు దాకా రంగుబల్బుల తోరణాలు కట్టిస్తున్నారు, కొత్తగా ఆరు ఫ్యాన్లు, మూడు మైకులు.

"ఆ పాత ఫ్యూజు ఇంత మోస్తుందంటారా అయ్యగారూ?" అన్నారు మాస్టారు తోరణాల వైపు చూస్తూ.

"దేవుడి పని మాస్టారూ, మోస్తుంది," అన్నారు పాస్టరుగారు. హెప్సిబా వైపు తిరిగి, "సోమవారం ప్రెస్సుకివ్వాలమ్మా. ఆ దొర సంగతి తేల్చు. ఉంచితే ఉంచు, లేకపోతే కొట్టెయ్," అన్నారు.

శనివారం మధ్యాహ్నం ఆమె కలం తీసి కొట్టేయడానికే గుడికి వచ్చింది. మాస్టారు అప్పటికే వచ్చి ఆర్గన్ మూత తీసి ఉంచారు. హెప్సిబా మోటారు మీట మీద చెయ్యి వేసింది.

"కరెంటు లేదమ్మా," అన్నారు మాస్టారు.

హెప్సిబా తలెత్తి చూసింది. నెత్తిమీద కొత్త ఫ్యాను గిరగిరా తిరుగుతోంది.

"ఉందిగా మాస్టారూ."

"మనకి లేదు. నువ్వు వెనక్కెళ్లు."

ఆర్గన్ వెనక ఒక ఇరుకు గది ఉంది. పదకొండేళ్లలో హెప్సిబా అందులో అడుగు పెట్టింది రెండు మూడుసార్లే, అదీ మోటారుకు దుమ్ము దులపడానికి. ఆ గదిలో మంచమంత తోలుతిత్తి, దాని పక్కన నడుమెత్తున ఒక పొడుగాటి కర్ర. మోటారు రాకముందు ఆ కర్రను పైకీ కిందికీ ఆడిస్తేనే తిత్తిలోకి గాలి వెళ్లేది. మోటారు వచ్చి ఇరవై రెండేళ్లయినా మాస్టారు ఏటేటా ఆ కర్ర కీలుకు నూనె పట్టిస్తూనే ఉన్నారు. ముసలాయన చాదస్తమని అందరూ సరిపెట్టుకున్నారు.

"తాడుకి సీసం గుండు వేలాడుతోంది చూడు," అని వినిపించింది మాస్టారి గొంతు గోడ అవతల్నించి. "తిత్తి నిండితే గుండు కిందికి దిగుతుంది. ఖాళీ అయితే పైకెక్కుతుంది. పైన ఎర్రగీత ఉందా?"

"ఉందండీ."

"అది దాటనివ్వకు. కొట్టు."

హెప్సిబా కొంగు బిగించి కర్ర పట్టుకుంది. గుండు మెల్లగా కిందికి దిగింది. ఇంతేనా అనుకుంది.

మాస్టారు జర్మనీ ముక్క ఎత్తుకున్నారు. బిగుసుకున్న వేళ్లతో, నిదానంగా, తప్పులతో. కాని పద్నాలుగు స్టాపులూ లాగి.

గుండు ఒక్కసారిగా పైకి లేచింది. హెప్సిబా కర్ర గబగబా ఆడించింది. గుండు కాస్త ఆగింది, మళ్లీ లేచింది. రెండో పేజీకి రవిక వీపుకు అతుక్కుపోయింది. మూడో పేజీకి అరచేతులు మండుతున్నాయి. తను ఎనిమిది నెలలు ప్రేమగా సాధన చేసిన ముక్క ఇదేనా? గోడ ఇవతల్నించి అది సంగీతంలా లేదు, ఎవరో తన చేతుల్లోంచి ఊపిరి లాక్కుంటున్నట్టుంది. నాలుగో పేజీలో కాళ్ల మెట్లు కూడా కలిశాయి. గుండు ఎర్రగీత దాటింది. మూడువందల గొట్టాలూ గొంతు నొక్కినట్టు మూలిగి, కిందికి జారి, ఆగిపోయాయి.

హెప్సిబా కర్ర మీదకు వాలి రొప్పుతోంది.

కాసేపయ్యాక, "కొట్టు," అని వినిపించింది.

ఏడుపొచ్చినంత పనైంది. అయినా కొట్టింది.

ఈసారి చెప్పుల పాట. హెప్సిబా మామూలుగా పాటతో పాటే వేళ్లను తలుచుకుంటుంది. ఇప్పుడు గుండునే చూస్తోంది. గుండు తొందరపడలేదు. నాలుగు ఊపులు, కాస్త ఆగవచ్చు. మళ్లీ నాలుగు ఊపులు. నడుము విరుగుతుందనుకునే సరికి అవతల పాట ఒక్క సన్నని స్వరం మీద నిలబడిపోయింది. సున్నా! రెండు ఊపులకు తిత్తి నిండింది. చెయ్యి వదిలేసింది. కొంగుతో మొహం తుడుచుకుంది, ఒక ఊపిరి తీసుకుంది, ఇంకొకటి కూడా తీసుకుంది. అప్పుడు పాట, నువ్వు సిద్ధమా అని అడిగినట్టుగా, మళ్లీ బయల్దేరింది.

అలసట పెరిగేకొద్దీ సున్నాలు దగ్గరయ్యాయి.

చివరి సున్నా దగ్గర చేతులకు పని లేక హెప్సిబా కళ్లెత్తింది. ఎదురుగా, గుండు వెనక గోడకు ఎలకబొక్క. దాన్ని మూయడానికి ఎవరో ఎప్పుడో పాత నూనెడబ్బా రేకు చదును చేసి నాలుగు మేకులు కొట్టారు. తిత్తి తోలుకు రాసే నూనె అది. రేకు మీద తుప్పు పట్టిన ఇంగ్లీషు అక్షరాల్లో కంపెనీ వాడి పేరుంది.

ఎడ్విన్ మార్‌వుడ్.

మద్రాసులో వెతికింది, లండన్‌కు ఉత్తరం రాసింది. మార్‌వుడ్ దొర ఇక్కడ ఎలకబొక్కకు కాపలా కాస్తున్నాడు.

రేకు పక్కనే సున్నం గోడ మీద పెన్సిలుతో బడిపిల్లలకు నేర్పే స్వరాల గుర్తులు రాసి ఉన్నాయి, పాలిపోయి, వరసలు వరసలుగా. హెప్సిబా పెదాలతో చదివింది. పెళ్లికూతురు ఆలస్యమైన పాట. కొన్నిచోట్ల కొట్టివేసి మళ్లీ రాసి ఉంది. అది పొట్టి మనిషి భుజమెత్తులో ఉంది, కర్ర వదలకుండా ఎడమచేత్తో రాసినట్టు ఏటవాలుగా.

ఆమె మెల్లగా ఇవతలికి వచ్చింది. జుట్టు నుదుటికి అతుక్కుపోయి ఉంది.

"ఆ గదిలో ఎవరుండేవారు మాస్టారూ?"

"సంతోషమ్మగారు," అన్నారు మాస్టారు. "పొద్దున హాస్టల్లో వంట. ఆదివారం ఇక్కడ. ముప్ఫై ఆరేళ్లు."

హెప్సిబా బెంచీ చివర కూర్చుంది. మాస్టారు మెట్ల వైపు చూస్తూ చెప్పారు, అదీ కొంచెమే.

"అప్పుడు దొరసానిగారు వాయించేది. ఉన్నవన్నీ లాగేసేది. గాలి చాలక ఆర్గన్ మూలిగితే వెనక్కెళ్లి అందరూ వినేట్టు కసిరేది, సోమరిదానివని. నేను అప్పుడు పాటల బృందానికి మాస్టర్ని. నీ వయసు. ఒకరోజు సంతోషమ్మగారు నన్ను పిలిచి గోడ చూపించింది. దీన్ని గీతల కాగితం మీద ఎక్కించగలవా బాబూ అంది."

"మరి తన పేరు?"

"వంటమనిషి రాసిందంటే దొరసాని ముట్టుకుంటుందా? ఏం పేరు పెడదామండీ అంటే, వారం వారం నా మొహం చూసేవాడి పేరు పెట్టు అంది. దొరసాని సంగీతం కాగితాల బొత్తిలో నేనే దూర్చాను. ఏడేళ్లు వాయించింది తల్లి. మార్‌వుడ్ ఎంత మర్యాదస్తుడో అనేది! ఈవిడ వెనక కొంగు నోట్లో కుక్కుకునేది నవ్వాపుకోలేక."

మాస్టారు కూడా నవ్వారు. తర్వాత నవ్వు ఆగిపోయింది.

"దొరసాని వెళ్లాక నేను కూర్చున్నాను ఇక్కడ. మొదట్లో నేనూ అన్నీ లాగేవాణ్ణి."

"ఆవిడ ఏమీ అనలేదాండీ?"

"అనలేదు," అన్నారు మాస్టారు.

హెప్సిబా కలం తీసింది. కొట్టేయడానికి తెచ్చిన కలంతోనే జాబితా చివర మార్‌వుడ్ పేరు రాసింది. సంతోషమ్మగారు పుట్టిన ఏడూ పోయిన ఏడూ మాస్టార్ని అడిగి పక్కన వేసింది. రాసిన కాగితం ఆయన ముందు పెట్టి, ఆయన చొక్కా వైపు చూసింది. చూడకూడదనుకుంటూనే చూసింది.

మాస్టారు కాగితం చదివారు. తల ఊపారు. "కనుక్కున్నావు. మంచిది," అన్నారు. మూత వేసి, తాళం వేసి, చెవి మళ్లీ తన జేబుకే గుచ్చుకున్నారు.

హెప్సిబాకు కోపమొచ్చింది. కనుక్కోమన్నది కనుక్కుంది, అరచేతులు బొబ్బలెక్కాయి, ఇంకా ఏం కావాలి ఈయనకి? ఇంటికి వెళ్లేదాకా మనసులో మాస్టారితో పోట్లాడుతూనే ఉంది.

సోమవారం పాస్టరుగారు కాగితం పట్టుకుని ఆగిపోయారు. "ఎడ్విన్ మార్‌వుడ్, సాలిపేట, 1899–1961. ఏంటమ్మా, ఆ దొర మన ఊరివాడా?"

"మన ఊరేనండీ."

"సమాధి కూడా ఇక్కడేనా?"

"ఇక్కడేనండీ. పండగయ్యాక చూపిస్తాను, దండ పట్రండి."

పండగనాడు గుడి ఇసుక వేస్తే రాలనట్టుంది. పట్టపగలే రంగుబల్బులన్నీ వెలిగించారు. బిషప్పుగారు పీఠం దగ్గర కూర్చున్నారు, సన్నగా, శ్రద్ధగా. మాస్టారు వచ్చి మూత తాళం తీసి, మొదటి వరసలో తన చోట కూర్చున్నారు. తాళంచెవి ఆయన జేబులోనే ఉంది.

హెప్సిబా పద్నాలుగు స్టాపులూ లాగి జర్మనీ ముక్క మొదలుపెట్టింది. అంత బాగా ఆమె ఎన్నడూ వాయించలేదు. అది ఆమెకూ తెలుస్తోంది. నాలుగో పేజీ, ఆరో పేజీ. బిషప్పుగారు ముందుకు వంగారు.

తొమ్మిదో పేజీలో ఫ్యాన్లు నెమ్మదించాయి. రంగుబల్బులు ఆరిపోయాయి. వెనక మోటారు రొద సన్నబడి ఆగిపోయింది. గొట్టాల గొంతు కిందికి జారడం మొదలైంది.

అంతలో వెనకనుంచి కిర్రుమని కర్ర చప్పుడు. గాలి వచ్చింది. గొట్టాలు మళ్లీ నిటారుగా నిలబడి పలికాయి.

హెప్సిబా ఓరగా చూసింది. మొదటి వరసలో మాస్టారి చోట చేతికర్ర మాత్రం ఉంది.

ఇంకా ఆరు పేజీలు. అసలు గొప్పతనమంతా ఆ ఆరు పేజీల్లోనే ఉంది. పేజీలో ఇంకో రెండు వరసలు అలాగే వాయించింది, ఆపలేకపోయింది. ఆ మాట తర్వాత ఎన్నేళ్లకు తలుచుకున్నా ఆమెకు సిగ్గేసేది. కర్ర చప్పుడు వేగం పెరిగింది. కిర్రు, కిర్రు, కిర్రు. గోడ అవతల ఉన్నది డెబ్బై రెండేళ్ల మనిషి.

హెప్సిబా ఎడమచెయ్యి మెట్ల మీంచి లేచింది. ఒక స్టాపు లోపలికి తోసింది. ఇంకొకటి. ఇంకొకటి. బిషప్పుగారి కనుబొమలు ముడిపడ్డాయి. పన్నెండు తోసేసింది, రెండు మిగిలాయి. జర్మనీ ముక్క నడిమధ్యలోంచి, ఒక మెత్తని మలుపు తిప్పి, చెప్పుల పాటలోకి దిగింది.

వెనక వరసల్లో నలుగురైదుగురు ఆడవాళ్లు అలవాటుకొద్దీ చెప్పుల కోసం లేచి నిలబడ్డారు. చుట్టూ చూసుకుని నాలుక కరుచుకుని మళ్లీ కూర్చున్నారు. ఎవరో కూనిరాగం అందుకున్నారు. మైకులు లేవు, ఫ్యాన్ల చప్పుడు లేదు. రాగం వరస వెంట వరస అందుకుని గుడంతా నిండింది. అంతమంది పాడుతుంటే ఆర్గన్ గట్టిగా పలకాల్సిన పనే లేకపోయింది.

సున్నా వచ్చినచోట హెప్సిబా ఆగింది. రాసి ఉన్నదానికంటే ఎక్కువే ఆగింది. కర్ర రెండుసార్లు కిర్రుమని ఊరుకుంది. పాడేవాళ్లూ ఆగారు. ఆ ఒక్క సన్నని స్వరం చాటున గోడ వెనక ఒక ముసలి ఊపిరి నెమ్మదిగా కుదుటపడటం ఆమెకు వినిపించింది. అది కుదుటపడ్డాకే మళ్లీ మొదలుపెట్టింది.

కరెంటు ఇక రాలేదు. ఆరాధన మొత్తం అలాగే సాగింది, రెండు స్టాపుల మీద. ఆఖరున జనం బయటికి నడిచారు. బిషప్పుగారు కూడా గుమ్మం దగ్గర చెప్పులు వెతుక్కుంటూ ఆ రాగమే తీస్తున్నారని తర్వాత ఎవరో చెప్పారు.

గుడి ఖాళీ అయ్యాక మాస్టారు గోడ పట్టుకుని మెల్లగా వెనకనుంచి వచ్చారు. చొక్కా తడిసింది. మొహం మాత్రం తేటగా ఉంది. హెప్సిబా గబుక్కున లేచి నిలబడింది.

మాస్టారు లోపలి జేబులో చెయ్యి పెట్టారు. వంగని వేళ్లతో పిన్నీసు తియ్యడానికి చాలాసేపు పట్టింది. తీసి, తాళంచెవిని ఆమె ముందు మెట్ల మీద పెట్టారు.

"తిత్తిలో కాస్త గాలి మిగిలిందమ్మా," అన్నారు. "వాయించి మూసెయ్."